ఆ పద్నాలుగు నెలల గురించి: ఔషధ నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

భారత ఔషధ నియంత్రణాధికారి గారికి,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను గుంటూరులో మందుల షాపు నడుపుతున్నాను. డి.ఫార్మసీ చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకుని 1998లో షాపు తెరిచాను. అప్పటి నుంచి అదే కౌంటర్. ఇప్పుడు రోజుకు ఒక్కరైనా వచ్చి "సన్నబడే ఇంజెక్షన్ ఉందా అండీ?" అని అడుగుతున్నారు. ఆ మాట వినగానే నాకు 2009 వేసవి గుర్తొస్తుంది. దాని గురించి మీకు చెప్పాలి, ఆ తర్వాత కొన్ని అడగాలి.

మా షాపుకి ఒక టీచరమ్మ వచ్చేవారు. ఊరి బయట ప్రైమరీ స్కూల్లో పని చేసేవారు. బీపీ మాత్రలు నెలనెలా నా దగ్గరే కొనేవారు, నన్ను అన్నయ్యా అని పిలిచేవారు. ఆ ఏడాది వాళ్ళ అమ్మాయి పెళ్లి. ఈలోపు కాస్త ఒళ్ళు తగ్గాలని ఒక క్లినిక్‌కి వెళ్తే రిమోనబాంట్ 20 మిల్లీగ్రాములు రాశారు. రోజుకొక మాత్ర. మొదటి నెల చీటీ తెచ్చారు. రెండో నెల చీటీ నేను అడగలేదు, ఆవిడా చూపించలేదు. "నాలుగు కిలోలు తగ్గాను అన్నయ్యా" అని సంబరంగా చెప్పారు.

మూడో నెల వచ్చినప్పుడు మనిషి వేరేగా ఉన్నారు. జనం పలచబడేదాకా కౌంటర్ పక్కన నిలబడి, అప్పుడు చెప్పారు.

"మా ఆయన బంగినపల్లి కాయలు బుట్టెడు తెచ్చారు అన్నయ్యా. ఒక్కటి ముట్టబుద్ధి కాలేదు. మంచిదేలే అనుకున్నా. కానీ అమ్మాయికి పెళ్లి చీర కొందామని వెళ్తే అక్కడా అంతే. ఏ చీర చూసినా ఒకటే. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి కూర్చుంటున్నా. ఎందుకు బతకడం అనిపిస్తోంది."

నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పెళ్లి పనుల టెన్షన్ టీచరమ్మా, మూడు ముళ్ళు పడితే అంతా సర్దుకుంటుంది" అన్నాను. ఇంకో మూడు స్ట్రిప్పులు కవర్లో పెట్టి ఇచ్చాను.

పది రోజుల తర్వాత వాళ్ళాయన వచ్చారు. "మాత్రలు మాన్పించాం. పెద్ద డాక్టర్ గారికి చూపిస్తున్నాం. ఇవి వాపసు తీసుకుంటారా?" అని మిగిలిన స్ట్రిప్పులు కౌంటర్ మీద పెట్టారు. నేను ఎక్స్‌పైరీ తేదీ చూశాను. డబ్బులిచ్చాను. స్ట్రిప్పులు తీసుకెళ్లి మళ్లీ అదే అరలో పెట్టాను. అవి తర్వాత ఎవరికి అమ్మానో గుర్తులేదు.

టీచరమ్మ కోలుకున్నారు, చాలా నెలలు పట్టింది. పెళ్లి ఫోటోల్లో ఆవిడ ముఖం చూసినవాళ్ళకి ఏమీ తెలియదు, నాకు తెలుసు.

ఆ డిసెంబరులో మీ దగ్గర నుంచి నిషేధం ఉత్తర్వు వచ్చింది. డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు అట్టపెట్టె తెచ్చి, ఉన్న సరుకంతా వేసుకుని వెళ్లాడు. ఎందుకయ్యా అంటే "ఏవో సైడ్ ఎఫెక్ట్స్ అంట సార్" అన్నాడు. నేనూ అంతటితో వదిలేశాను. ఇన్నాళ్ళూ అమ్మిన మందు గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరికి ఏమైంది అని ఏ కాగితమూ నింపమనలేదు.

అసలు సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. మా అమ్మాయి ఫార్మ్.డి చదివేటప్పుడు ఈ రిమోనబాంట్ వాళ్ళకి ఒక పాఠం. ఒక రాత్రి పుస్తకం పట్టుకుని వచ్చి, "నాన్నా, దీన్ని నువ్వు అమ్మావా?" అంది. అమ్మానమ్మా అన్నాను. తను తేదీలు చదువుతూ ఉంటే వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను.

ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ-అవెంటిస్ తయారు చేసిన ఈ మందుకి 2006 జూన్‌లో యూరప్ అనుమతిచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకొస్తే, ఉన్న 14 మందీ వద్దన్నారు. కారణం మనసు మీద దాని ప్రభావం: దిగులు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు. యూరప్‌లోనూ అదే తేలింది. మందు లేని ఉత్త మాత్ర మింగినవాళ్ళతో పోలిస్తే ఈ మందు వాడినవాళ్ళకి మానసిక సమస్యలు వచ్చే ప్రమాదం దాదాపు రెట్టింపని చెప్పి, 2008 అక్టోబరు 23న అక్కడి మందుల సంస్థ అమ్మకం ఆపేయమంది. మన గెజిట్‌లో నిషేధం వచ్చింది 2009 డిసెంబరులో.

అంటే పద్నాలుగు నెలలకు కాస్త తక్కువ. ఈ మధ్యలో ఢిల్లీలో ఎవరు ఎవరికి ఏం రాశారో, ఏయే సమావేశాలు జరిగాయో, నా షాపు దాకా ఒక్క ముక్క రాలేదు. టీచరమ్మ మాత్ర వేసుకున్నది సరిగ్గా ఆ నెలల్లోనే. పారిస్‌లో మందుల షాపువాడు దాన్ని అరలోంచి తీసేసిన ఆరు నెలలకు గుంటూరులో నేను ఆవిడకి మూడు స్ట్రిప్పులు ఇచ్చి, పెళ్లి టెన్షన్ అని సర్దిచెప్పాను. నా తప్పు నాది, దాన్ని ఎవరి మీదకీ నెట్టను. కానీ ఆ సంగతి నా చెవిన పడి ఉంటే ఆవిడ మాట వేరేగా వినేవాణ్ణి కదా?

ఇక ఈ మందు పని చేసే తీరు గురించి. ఇప్పుడు జనం అడుగుతున్న ఇంజెక్షన్లు వేరు, అది వేరు. రెంటినీ ఒక గాటన కట్టడం అన్యాయం.

గంజాయి తాగినవాడికి ఆకలి దంచేస్తుందని మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో సీబీ1 అనే చోట తగులుకుంటుంది. ఆ చోటు గంజాయి కోసం పుట్టింది కాదు. మన శరీరమే తయారు చేసుకునే పదార్థాలు కొన్ని రోజూ అక్కడ తగులుతుంటాయి. ఆకలి, రుచి, తిన్నాక కలిగే తృప్తి అన్నీ ఆ దారినే నడుస్తాయి. మరి ఆ చోటుని మూసేస్తే ఆకలి తగ్గుతుంది కదా అన్నది రిమోనబాంట్ వెనకున్న ఆలోచన. తగ్గింది కూడా. ఏడాది వాడితే ఉత్త మాత్ర వాడినవాళ్ళకంటే సగటున 4.7 కిలోలు ఎక్కువ తగ్గారు. అయితే మామిడిపండు మీద కోరిక, పెళ్లి చీర మీద మురిపెం, పొద్దున లేవాలన్న ఉత్సాహం, ఇవన్నీ కూడా అదే గడప దాటి వస్తాయి. గడపకి తాళం వేస్తే అన్నీ ఆగిపోయాయి. టీచరమ్మ చెప్పిన ఆ రెండు ముక్కల్లో, బంగినపల్లి కాయల దగ్గర, చీర దగ్గర, ఈ శాస్త్రం మొత్తం ఉంది. వినే చెవి నాకు లేకపోయింది.

ఇంకో మాట మా అమ్మాయి చెబితే నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఈ మందుని మొదట పరీక్షించినప్పుడు తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళని ముందే పక్కన పెట్టారట. ఊబకాయం ఉన్నవాళ్ళలో దిగులు మామూలే కదండీ. లావుగా ఉన్న ఆడపిల్లని ఇంటా బయటా ఎన్ని మాటలంటారో మనకి తెలియదా? అలాంటివాళ్ళని తప్పించి పరీక్ష చేసి, ఆ తర్వాత అలాంటివాళ్ళకే అమ్మాం.

ఇప్పుడు జనం అడుగుతున్న ఇంజెక్షన్లు, సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అలా కాదు. మూసేసే మందులు కావవి. అన్నం తిన్నాక మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది, "ఇక చాలు" అని మెదడుకి కబురు పంపిస్తుంది. అసలు హార్మోను రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. సెమాగ్లూటైడ్ దాన్నే అనుకరిస్తూ వారం పాటు నిలబడుతుంది. టిర్జెపటైడ్ ఇలాంటి రెండు హార్మోన్ల పని చేస్తుంది. తలుపు మూయవు, కబురునే కాస్త గట్టిగా వినిపిస్తాయి. షాపుకొచ్చినవాళ్ళు చాలామంది "ఆకలి హార్మోన్ని ఆపేసే ఇంజెక్షన్" అనే అడుగుతారు. కాదండీ, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ని అనుకరించేది అని చెబుతూనే ఉంటాను.

ఈ మందులకి నేను వ్యతిరేకం కాదు. మా ఆవిడ కిందటి ఆగస్టు నుంచి టిర్జెపటైడ్ తీసుకుంటోంది, ఎండోక్రైనాలజిస్టు గారు చూసి రాసిందే. షుగర్, మోకాళ్ళ నొప్పులు, 94 కిలోలు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చేయని పథ్యం లేదు. రాగిజావ, జొన్నరొట్టె, సాయంత్రం నడక, శనివారాలు ఉపవాసం. తగ్గడం, మళ్లీ పెరగడం. అందరూ నోరు కట్టుకోలేదన్నారు. నేనూ అన్నాను, సిగ్గుపడుతున్నాను. ఇంజెక్షన్ మొదలైన రెండో నెల ఒక పండగ నాడు పులిహోర వడ్డించుకుని సగంలో ఆగిపోయింది. "ఏమైంది?" అంటే, "ఏం కాలేదు. చాలు అనిపించింది. ఇన్నేళ్ళలో నాకు చాలు అనిపించడం ఇదే మొదటిసారి. బుర్రలో రోజంతా ఒక తిండి గోల ఉండేదండీ, అది ఆగింది" అని కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు 82 కిలోలు. నిద్ర బాగుంది, మనవడితో ఆడుతోంది, పాటలు పాడుకుంటోంది.

ఆమె నోరు కట్టుకోలేక లావు కాలేదు. 1994లో అమెరికాలో లెప్టిన్ అనే హార్మోను బయటపడింది. ఒంట్లో కొవ్వు ఎంతుందో మెదడుకి లెక్క చెప్పేది అదే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కడుపులోంచి వచ్చే గ్రెలిన్‌ని కనిపెట్టారు, అది ఆకలి పుట్టించేది. మనిషి బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. పోయిన బరువు తిరిగి తెచ్చుకోమని ఒళ్ళే పోరు పెడుతుంది. ఇన్నేళ్ళూ మనం మనుషుల్ని తిట్టింది ఈ పోరు తెలియకే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1 శాతం, తెలంగాణలో 30.1, 32.3 శాతం మంది ఉండాల్సిన బరువుకంటే ఎక్కువున్నారు. ప్రతి మూడో మనిషీ నోరు కట్టుకోలేని మనిషేనా?

మనసు సంగతి కూడా ఈ మందుల విషయంలో పరిశీలించారు. 2024 జనవరిలో ఎఫ్‌డీఏ, ఏప్రిల్‌లో యూరప్ సంస్థ, ఆత్మహత్య ఆలోచనలకి ఇవి కారణమనడానికి ఆధారం కనిపించలేదని చెప్పాయి. గుండె జబ్బు ఉన్న 17,604 మంది మీద చేసిన పరీక్షలో సెమాగ్లూటైడ్ వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. కాబట్టి ఎవరినీ భయపెట్టడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు. మందు మంచిదైనంత మాత్రాన అమ్మే పద్ధతి మంచిదైపోదు. నా కౌంటర్ దగ్గర పద్ధతి 2009లో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది, సరుకు మాత్రం పది రెట్లయింది.

మొన్న ఏప్రిల్‌లో ఒకావిడ వచ్చారు. అరవై దాటి ఉంటాయి. స్టీలు క్యారియర్ మూత తీసి, పాత చీరముక్కలో చుట్టిన ఇంజెక్షన్ పెన్ను బయటికి తీశారు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడట, అతనూ ఇదే వాడి తగ్గాడట. పండక్కి వచ్చినవాళ్ళ సూట్‌కేసులో అమ్మకి పంపాడు. "వారానికోసారి పొట్టకి పొడుచుకో అమ్మా అన్నాడు బాబూ. ఎలాగో చూపిస్తావా?"

పెన్ను వెచ్చగా ఉంది. తెరవని పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట పెట్టినా 30 డిగ్రీలు దాటకూడదు. మా గుంటూరులో ఆ రోజు 41. అసలు ఏ షుగర్ మాత్రలు వాడుతున్నారమ్మా అంటే పర్సులోంచి స్ట్రిప్ తీశారు: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది. గ్లిమెపిరైడ్ మీద ఈ ఇంజెక్షన్ పడి, పైగా ఆకలి చచ్చి సగం అన్నమే తింటే, తెల్లారుజామున షుగర్ ఎంతకి పడిపోతుంది? ఇంట్లో ఆవిడొక్కరే ఉంటారు.

పెట్టెలో కాగితం ఉంది. విప్పితే కౌంటర్ సగం పరుచుకుంది. చీమతలంత అక్షరాలు, అంతా ఇంగ్లిషే. "ఇందులో ఏం రాశారో చదివి చెప్పు బాబూ" అన్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి అరగంట చదివి చెప్పాను. వాంతులు ఆగకపోతే, కడుపులో నొప్పి వీపులోకి పొడుస్తుంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలని. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చని. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాలని. ఆవిడ ఫిజీషియన్‌కి ఫోన్ చేసి మాట్లాడాను. పెన్ను అవతల పడేయమన్నారు, పాత మాత్రలే కొనసాగించి వారంలో రమ్మన్నారు. వెళ్తూ ఆవిడ అడిగిన మాట: "మరి ఇదంతా తెలుగులో ఎందుకు రాయరు?"

అయ్యా, అదే నేనూ అడుగుతున్నాను. మాది మిరప, పత్తి పండే జిల్లా. మా షాపు పక్కనే పురుగుమందుల దుకాణం. అక్కడ డబ్బాతో పాటు వచ్చే కాగితం తెలుగులో ఉంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు, సరుకు అమ్మే ప్రాంతపు భాషలో కాగితం ఉండాలని చెప్పాయి కనుక. పైరు మీద కొట్టే మందుకి తెలుగు ఉంది. మనిషి మెదడు దాకా వెళ్ళే మందుకి లేదు. నా షాపుకొచ్చిన పెన్నుల పెట్టెల్లో ఇంతవరకు ఒక్క తెలుగు కాగితం చూడలేదు. రెండు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి బరువు తగ్గించే మందుకీ ఒక్క పేజీ తెలుగు కాగితం తప్పనిసరి చేయండి. పెద్ద అక్షరాలతో, కౌంటర్ దగ్గర మేం మాట్లాడుకునే తెలుగులో. "అధిజఠర భాగమందు వేదన" అని కాదు, "పొట్ట పైభాగంలో నొప్పి" అని.

సెమాగ్లూటైడ్ పేటెంటు 2026 మార్చితో మన దేశంలో ముగిసింది. మన హైదరాబాద్ కంపెనీలు కూడా తయారీకి దిగాయి. 2025 జూన్‌లో విదేశీ కంపెనీ పెన్ను మొదటిసారి మన దగ్గరికి వచ్చినప్పుడు మొదటి మోతాదుకే నెలకు 17,345 రూపాయలు. ధర దిగడం నాకెంతో సంతోషం, ఈ మందు డబ్బున్నవాళ్ళ సొత్తు కాకూడదు. కానీ ధర దిగితే చీటీ లేని బేరమూ పెరుగుతుంది. ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై నాలుగేళ్ళు, పెళ్లిచూపులున్నాయట. ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. కాగితం మీద లెక్క వేసి చూపించాను: బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 24.7. బరువు తగ్గడానికి ఈ ఇంజెక్షన్‌ని అనుమతించింది 30 దాటినవాళ్ళకి, లేదా షుగరో బీపీయో ఉండి 27 దాటినవాళ్ళకి. నీకు అక్కర్లేదు బాబూ అన్నాను. "పక్క వీధిలో చీటీ లేకుండానే ఇస్తున్నారు అంకుల్" అని వెళ్లిపోయాడు. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకి మెట్టు మెట్టుగా పెంచాలని అతనికి అక్కడ ఎవరైనా చెప్పి ఉంటారా? అమెరికాలో సీసాలోంచి సిరంజితో తీసుకోవడం రాక జనం 5 నుంచి 20 రెట్లు ఎక్కువ ఎక్కించుకుని ఆసుపత్రుల పాలయ్యారని 2024లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చౌక సరుకు సీసాల్లోనూ వస్తుంది. మన జనానికి ఇన్సులిన్ సిరంజి మీద యూనిట్లు తెలుసు, మిల్లీగ్రాములు తెలియవు.

మానేస్తే ఏమవుతుందో కూడా ఎవరూ చెప్పడం లేదు. సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినవాళ్ళలో కొందరిని, ఆపాక ఇంకో ఏడాది గమనించారు. తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. చిట్టీ పాడి మూడు నెలల డబ్బు కట్టేవాళ్ళు నా దగ్గరకొస్తున్నారు. ఇది మూడు నెలల వైద్యం కాదమ్మా అని చెప్పాల్సింది ముందు రోజే.

గోడల మీద, ఆటోల వెనక, ఫోన్లలో ప్రకటనలు. నెలలో పది కిలోలు గ్యారంటీ అని. 1954లోనే మన పార్లమెంటు అద్భుత చికిత్సల ప్రకటనలని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం చివర ఉన్న జబ్బుల పట్టికలో ఊబకాయం పేరు ఉంది. కొత్త చట్టం అడగడం లేదు, డెబ్భై ఏళ్ళ నాటిది బయటికి తీయమంటున్నాను.

అన్నిటికంటే గట్టిగా అడగాల్సింది ఇంకొకటుంది. మూసేసే మందుల కథ రిమోనబాంట్‌తో అయిపోలేదు. అదే సీబీ1 చోటుని మూసే కొత్త తరం మందుల మీద కంపెనీలు మళ్లీ డబ్బు పెట్టాయి. మెదడులోకి తక్కువగా వెళ్ళి, ఒంట్లో మిగతా చోట్ల పని చేసేలా వీటిని తయారు చేశామంటున్నారు. మోన్లునబాంట్ అనే దాని కోసం సెమాగ్లూటైడ్ తయారు చేసే డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ 2023లో కెనడాలోని ఇన్వర్సాగో అనే కంపెనీనే కొనేసింది. 2024 సెప్టెంబరులో ఫలితాలు చెప్పారు: 16 వారాల్లో 10 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళు సగటున 7.1 కిలోలు తగ్గారు, ఉత్త మాత్ర వాడినవాళ్ళు 0.7 కిలోలు. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది: ఆందోళన, చిరాకు, నిద్ర పట్టకపోవడం మోతాదు పెరిగేకొద్దీ ఎక్కువయ్యాయి. తీవ్రమైనవి కావన్నారు. నిద్ర పట్టకపోవడం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నా అన్నయ్యా అని నాతో ఒకరు చెప్పారు మరి.

ఆ ఒక్క మాత్ర మార్కెట్‌కి వచ్చినా రాకపోయినా, అలాంటిది ఇంకొకటి వస్తుంది. ఇంజెక్షన్ పొడుచుకోవడం కంటే మాత్ర మింగడం తేలిక, మాత్ర చౌక, మాత్రకి ఫ్రిజ్ అక్కర్లేదు. అది వచ్చేలోపు మీరు చేయగలిగినవి ఉన్నాయి. మెదడులో ఏ చోటునైనా మూసే ఆకలి మందు మన దేశంలో అనుమతికి వస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద దాని ఫలితం ఏమిటో చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ మాట పెట్టె మీద తెలుగులో, ఎర్రక్షరాలతో రాయించండి. రాసే డాక్టర్ మొదటి మూడు నెలలూ నెలకోసారి మనిషిని చూడాలని, చూసినప్పుడు బరువుతో పాటు మనసు గురించి కూడా అడిగి చీటీ మీద రాయాలని షరతు పెట్టండి. ఆ రాత లేని చీటీకి మేం మందు ఇవ్వం.

ఇంకో దేశంలో ఒక మందుని ఆపేస్తే ఆ కబురు నాకు పద్నాలుగు నెలలకి కాదు, పద్నాలుగు గంటల్లో చేరాలి. ఇదేమీ అసాధ్యం కాదు. జీఎస్టీ రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైతే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. నా లైసెన్సు నంబరు మీ దగ్గర ఉంది, ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది. నాసిరకం మందుల జాబితాలు నెలనెలా మీ వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, మంచిదే. అయితే పొద్దున ఎనిమిదికి షట్టర్ ఎత్తి రాత్రి పదికి దించేవాడు వెబ్‌సైట్ ఎప్పుడు చూస్తాడు? మెసేజ్ పంపండి. "ఫలానా మందు, ఫలానా దేశంలో, ఫలానా కారణంతో ఆపారు. మన దగ్గర పరిశీలనలో ఉంది. వాడుతున్నవాళ్ళలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపండి." నాలుగు ముక్కలు. నిషేధించాలా వద్దా అని మీరు ఆలోచించుకోవడానికి ఎన్నాళ్ళు పట్టినా సరే, ఈ నాలుగు ముక్కలకి గెజిట్ అక్కర్లేదు.

మా వైపు నుంచి మీ దగ్గరికి వచ్చే దారి కూడా ఒకటుంది, దాన్ని వాడేవాళ్ళు లేరు. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, ఘజియాబాద్ నుంచి నడుస్తోంది. 1800-180-3024కి ఫోన్ చేసి ఎవరైనా చెప్పొచ్చు. నేను దాని గురించి విన్నది మా అమ్మాయి చదువు వల్లే. ఇన్నేళ్ళలో నా కౌంటర్ దగ్గర ఆ నంబరు అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. లైసెన్సు కాగితం గోడకి తగిలించమని మీరు ఎలా పట్టుబడతారో, ఆ నంబరున్న తెలుగు బోర్డు కూడా అలాగే తగిలించమని పట్టుబట్టండి. మీ ఇన్‌స్పెక్టర్ గారు తనిఖీకొచ్చినప్పుడు బిల్లు పుస్తకం, ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూస్తారు. ఈ ఏడాది ఎన్ని దుష్ఫలితాలు రాసి పంపావు అని కూడా అడగమనండి. సున్నా అన్నవాణ్ణి ఎందుకు సున్నా అని అడగమనండి. 2009లో నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే ఒక ఫారమైనా నింపేవాణ్ణి.

మీరు ఇవి చేసేదాకా ఆగకుండా నా షాపులో ఒక పని మొదలుపెట్టాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కౌంటర్ కింద పెట్టుకున్నాను. బరువు తగ్గే మందు ఎవరు తీసుకున్నా, వాళ్ళు ఒప్పుకుంటే, ఫోన్ నంబరు, మొదటి తేదీ రాసుకుంటాను. నాలుగో వారం నేనో, మా అమ్మాయో ఫోన్ చేస్తాం. ఎన్ని కిలోలు తగ్గారని ముందు అడగం. నిద్ర పడుతోందా, ఇష్టమైన పని ఏదైనా చేయబుద్ధి అవుతోందా, ఇంట్లోవాళ్ళు మీలో ఏమైనా తేడా చూశారా అని అడుగుతాం. ఇప్పటికి ముప్ఫై ఒక్క పేర్లయ్యాయి. ఇద్దరిని డాక్టర్ దగ్గరికి వెనక్కి పంపాం, ఒకరు వాంతులతో నీరసపడి, ఇంకొకరు గ్లిమెపిరైడ్ మీద షుగర్ పడిపోయి. మిగతావాళ్ళు బాగున్నారు.

వాపసు వచ్చిన స్ట్రిప్పు ఏదైనా సరే ఇప్పుడు అరలోకి వెళ్ళదు, వేరే డబ్బాలో పడుతుంది. ఈసారి మీ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చినప్పుడు ఆ పుస్తకం, ఆ డబ్బా రెండూ చూపిస్తాను.

ఇట్లు,
గుంటూరులో మందుల షాపు నడుపుతున్న ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు